గోంగూర మడి, ఐదు కుందేలు పిల్లలు: ఒక పెరటి కేస్ స్టడీ

మే రెండో వారంలో ఒక మంగళవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. మధ్య న్యూజెర్సీలో ఉంటున్న తెలుగు కుటుంబం. పెరట్లో వేసిన చిక్కుడు, గోంగూర మొలకలు తెల్లవారేసరికి మొదళ్ళే మిగులుతున్నాయి. సాయంత్రాలు ఒక కుందేలు తిరుగుతూ కనిపిస్తోంది. బోను పెట్టి పట్టుకుని, ఇరవై మైళ్ళ అవతల ఏదైనా అడవిలో వదిలి రాగలరా అని ఆ ఇంటాయన అడిగారు. చంపడం తమకు ఇష్టం లేదని రెండుసార్లు చెప్పారు. ఆయన మంచి మనసుతోనే అడిగారు. కానీ ఆ పని జరిగి ఉంటే ఐదు ప్రాణాలు ఆకలితో పోయేవి. అది అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇళ్ళ చుట్టూ చేరే అడవి జంతువులకూ ఆ ఇళ్ళవాళ్ళకూ మధ్య వచ్చే చిక్కులను, జంతువుకు హాని చేయకుండా తీర్చడం నా వృత్తి. వసంతంలో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం కుందేళ్ళ గురించే. వాటిలో ఈ ఇంటి కథను ఎంచుకుని రాయడానికి కారణం, మామూలుగా పది ఇళ్ళలో విడివిడిగా ఎదురయ్యేవన్నీ ఈ ఒక్క పెరట్లోనే, ఒకే ఏడాదిలో ఎదురుకావడం.

ముందు ఆ కుందేలు సంగతి చెప్పాలి. అమెరికా తూర్పు భాగంలో ఇళ్ళ మధ్య తిరిగేది తూర్పు కాటన్‌టెయిల్. తోక కింద దూదిపింజలాంటి తెల్లని కుచ్చు ఉంటుంది కాబట్టి ఆ పేరు. బరువు కిలో నుంచి కిలోన్నర. మన ఊళ్ళలో కంది చేల గట్ల మీద కనిపించే నల్లమెడ కుందేలు, కొన్ని చోట్ల చెవులపిల్లి అంటారే, అది వేరు. దాని పిల్లలు కళ్ళు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. కాటన్‌టెయిల్ పిల్లలు కళ్ళు మూసుకుని, దాదాపు బోసి ఒంటితో పుడతాయి. ఈ తేడా తెలియకపోవడం వల్లే మనవాళ్ళు పెరట్లో ఈ పిల్లలను చూసి జబ్బు చేసిందనో, తల్లి వదిలేసిందనో అనుకుంటారు.

పట్టి దూరంగా వదలడం ఎందుకు కుదరదో ఫోన్లోనే చెప్పాను. చాలా రాష్ట్రాల్లాగే న్యూజెర్సీలో కూడా అడవి జంతువును అనుమతి లేకుండా పట్టి మరోచోట వదలకూడదు. చట్టాన్ని పక్కన పెట్టినా, తన తావులో ఏ పొద కింద దూరితే గద్ద కంట పడదో ఆ కుందేలుకు తెలుసు. కొత్త చోట ఒక్క పొదా తెలియదు. బోనులో పడిన భయానికే చచ్చిపోయే కుందేళ్ళు ఉన్నాయి. ఇంతా చేస్తే, మేత, దాక్కునే చోటు రెండూ ఉన్న పెరడు ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. ఇంకొకటి వస్తుంది. కుందేలును తీసుకుపోవచ్చు, దాన్ని పిలిచిన చిక్కుడు మొలక అక్కడే ఉంటుంది కదా. అందుకే నా పని ఎప్పుడూ మొక్క దగ్గర మొదలవుతుంది.

బుధవారం ఉదయం వెళ్ళాను. పావు ఎకరం స్థలం. ఇంటి వెనక నేలకు కాస్త ఎత్తున చెక్క పలకలతో కట్టిన అరుగులాంటి డెక్, దాని ముందు పచ్చిక, పచ్చిక చివర పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవున్న మడి. గుంటూరు జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ వేసిన మడి అది. మార్చిలో కిటికీ దగ్గర కాగితపు గ్లాసుల్లో నారు పోసి, మంచు భయం తీరాక నేలలో నాటారు. పందొమ్మిది చిక్కుడు మొలకల్లో పదకొండు పోయాయి. గోంగూర వరుసలో సగం మోళ్ళే ఉన్నాయి.

ఇంత నష్టం చూశాక, కుందేలుతో పాటు జింక కూడా వస్తోందని ఇంటాయన అనుకుంటున్నారు. ఆవిడ నన్ను మడి దగ్గరికి తీసుకుపోయి, ఒక మోడును వేలితో పట్టి చూపించారు. “బాబూ, ఇది చూడు. కత్తిపీట మీద కోసినట్టు ఉంది. జింకైతే ఇలా ఉంటుందా?” ఆవిడ చెప్పిందే నిజం. కుందేలుకు పైనా కిందా పదునైన ముందు పళ్ళు ఉంటాయి. కాడను ఏటవాలుగా, నున్నగా కోస్తుంది. జింకకు పై దవడలో ముందు పళ్ళు లేవు. అది పట్టి లాగుతుంది కాబట్టి కాడ చివర పీచు పీచుగా చిరిగి ఉంటుంది. మడి అంచున బఠాణీ గింజంత గుండ్రటి ఎండు పెంటికలు కూడా దొరికాయి. కోతలన్నీ నేలకు అడుగు లోపే ఉన్నాయి. అడవి పందికొక్కులాంటి గ్రౌండ్‌హాగ్ అయి ఉండవచ్చా అని డెక్ చుట్టూ, కంచె వెంట వెతికాను. అది తవ్వితే బొరియ నోరు పది పన్నెండు అంగుళాల వెడల్పు ఉంటుంది, ముందు మట్టి కుప్ప ఉంటుంది. అలాంటిది ఏదీ లేదు.

మడిలో మొక్కల మధ్య తెల్లగా కలరా ఉండలు కనిపించాయి. రెండు పొట్లాలు చల్లారట. మన ఇళ్ళలో పురుగు పుట్ర రాకుండా మూలమూలలా పెట్టే అలవాటు ఉంది కాబట్టి తప్పని ఎవరికీ తోచలేదు. నేను ముందు చేతి తొడుగులు వేసుకుని వాటినే ఏరాను. ఆరుబయట అవి గాలిలో కలిసిపోతాయి, కుందేలు వాటిని ఖాతరు చేయదు. కానీ అందులోని నాఫ్తలీన్ విషం. తెల్లగా, బిళ్ళల్లా ఉంటాయి కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పాప ఉంది. పైగా పొట్లం మీద రాసిన పద్ధతిలో, అంటే మూసిన పెట్టెలో బట్టల మధ్య తప్ప ఇంకోలా వాడటం ఇక్కడ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించడమే. తినే కూర మడిలో వాటి అవశేషం దిగడం సరేసరి.

కారం నీళ్ళు కూడా చల్లారు. అది కొంత పని చేస్తుంది, అయితే వాన పడేదాకే. న్యూజెర్సీ వసంతంలో వానకు కొదవ లేదు. రోజూ కోసి వండుకునే ఆకుకూర మీద రోజూ కారం చల్లుకుంటూ కూర్చోలేము. తులిప్‌లలాంటి పూల మొక్కల మీదైతే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే మందులు దొరుకుతాయి, వాన తరవాత మళ్ళీ కొట్టే ఓపిక ఉంటే సరిపోతాయి. మనకు వినపడని శబ్దం చేసే యంత్రాల వల్ల నేను చూసిన ఏ పెరట్లోనూ మేలు కనిపించలేదు.

గూడు

మేము మాట్లాడుకుంటుండగా పాప నా చొక్కా లాగింది. “అంకుల్, అక్కడ గడ్డి ఊపిరి పీలుస్తోంది.”

పచ్చిక నడిమధ్యన, డెక్‌కు పదిహేను అడుగుల దూరంలో, అరచేయంత మేర ఎండిన గడ్డి మాసికలా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఆ మాసిక నిజంగానే లేచి పడుతోంది. రెండు వేళ్ళతో పైకప్పు ఎత్తాను. ఎండుగడ్డి, దానిలో అల్లుకుపోయిన బూడిదరంగు మెత్తని బొచ్చు. తల్లి తన పొట్ట మీది బొచ్చును తానే పీకి పరుస్తుంది. కింద సగం కొబ్బరికాయ పట్టేంత గుంట. అందులో ఒకదాని మీద ఒకటి ఐదు పిల్లలు, ఒక్కొక్కటి నా బొటనవేలి కంటే కొంచెం పెద్దవి. చెవులు వీపుకు అతుక్కుని ఉన్నాయి, కళ్ళు తెరవలేదు, రెండింటి నుదుటి మీద తెల్లని చుక్క ఉంది. వేలి కొసతో తాకితే వెచ్చగా ఉన్నాయి. వెచ్చదనం చూశాకే నా మనసు కుదుటపడింది. చల్లబడిన పిల్లలంటే సాధారణంగా తల్లికి ఏదో అయిందని అర్థం.

కళ్ళు వారం నాటికి తెరుచుకుంటాయి. కాబట్టి వీటి వయసు ఐదారు రోజులు. మూడో వారంలో గూడు వదులుతాయి. అంటే ఈ ఇంటివాళ్ళు రెండు వారాలు ఓపిక పడితే చాలు. ఇంటాయన ముఖంలో కంగారు కనిపించింది. మరుసటి రోజే గడ్డి కోసేవాళ్ళు వస్తున్నారు. పాప అప్పటికే ముందు రోజు పిల్లలను ముట్టుకుందట, మనిషి వాసన తగిలితే తల్లి రాదు కదా, వీటిని మేమే పాలు పోసి పెంచాలా అని అడిగారు.

ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాను. మనిషి ముట్టుకున్నంత మాత్రాన తల్లి పిల్లలను వదలదు. పగలంతా అది గూడు దగ్గర కనిపించకపోవడానికి కారణం వేరు. తాను అక్కడ కూర్చుంటే పిల్లికీ నక్కకూ గూడు చూపించినట్టే. అందుకే తెల్లవారుజామున ఒకసారి, మునిమాపు వేళ ఒకసారి వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి, గడ్డి కప్పేసి వెళ్ళిపోతుంది. మిగతా సమయమంతా దూరం నుంచే కనిపెట్టి ఉంటుంది. తల్లి లేదనుకుని ఇంట్లోకి తెచ్చి ఆవుపాలు పట్టిన పిల్లలు విరేచనాలతో చనిపోతాయి. తర్ఫీదు ఉన్న సంరక్షకుల చేతుల్లో కూడా కాటన్‌టెయిల్ పిల్లలు బతకడం కష్టమే. ఆ కష్టం నేను దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి, ఎవరైనా అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చామంటే నా గుండె జారిపోతుంది.

నమ్మకం మాటలతో రాదు, కంటితో చూస్తే వస్తుంది. పాపను ఊలుదారం తెమ్మన్నాను. గూటి మీది గడ్డి సర్దేసి, దాని పైన నాలుగు దారపు ముక్కలను నిలువూ అడ్డమూ గళ్ళుగా పరిచాం. తల్లి వస్తే అవి చెదరాలి. పెద్దావిడ లోపలికి వెళ్ళి ముగ్గుడబ్బా తెచ్చారు. “చుట్టూ పిండి చల్లితే అడుగులు కూడా పడతాయి కదా బాబూ” అన్నారు. బియ్యప్పిండి గూటి మీద పడితే చీమలు చేరి పిల్లలను కుడతాయి. అందుకే “పిన్నిగారూ, మూడు అడుగుల అవతల పోయండి, పలచగా” అన్నాను. ఆవిడ చేతిలోంచి పిండి సన్నని గీతలా జారి, గుండ్రంగా, ఎక్కడా తెగకుండా గూడు చుట్టూ పడింది. గడ్డి మీద అంత చక్కని వలయం నేను వెయ్యలేను.

గురువారం ఉదయం ఏడు కాకముందే పాప ఫోన్. దారాలు పక్కకు పోయాయి, పిండి గీత రెండు చోట్ల తెగింది. వీడియోలో చూస్తే పిల్లల పొట్టలు నిండుగా, గుండ్రంగా ఉన్నాయి. గడ్డి కోసేవాళ్ళను ఇంటాయనే వద్దన్నారు. గూటికి నలువైపులా పది అడుగులు వదిలి నాలుగు కర్రలు పాతి తాడు కట్టారు. ఇంట్లో కుక్క ఉంటే ఇది చాలదు. పగలు మాత్రం గూటి మీద బట్టల బుట్ట బోర్లించి బరువు పెట్టి, సాయంత్రం తల్లి వచ్చే వేళకు తప్పకుండా తీసేయాలి. ఆ తీసేయడం మరిచిపోతే చేసిందంతా వృథా.

కంచె

మొలకలకు అప్పటికప్పుడు రెండు వైరు బుట్టలు బోర్లించి, శనివారం కంచె వేశాం. ప్లాస్టిక్ వల వద్దన్నాను. కుందేలు కొరికేస్తుంది, పక్షులూ పాములూ చిక్కుకుంటాయి. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప జాలీ తీసుకున్నాం. కన్ను అంగుళానికి మించకూడదు, లేకపోతే పిల్ల కుందేళ్ళు దూరతాయి. మడి చుట్టుకొలత నలభై ఎనిమిది అడుగులు, చుట్ట యాభై అడుగులు. మూడు అడుగుల వెడల్పు జాలీలో రెండు అడుగులు నిలబెట్టి, మిగిలిన అడుగును బయటివైపు నేల మీదికి మడిచాం. కాటన్‌టెయిల్ రెండు అడుగుల కంచెను మామూలుగా దూకదు, కంచె మొదట్లో గీరి దూరాలని చూస్తుంది. గీరబోయిన చోట కాలి కింద జాలీ తగిలితే, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. ఈ మడతను అడుగుకొక ఇనుప మేకుతో నేలకు బిగించాం. నెల తిరిగేసరికి గడ్డి దాని కన్నుల్లోంచి లేచి జాలీని నేలకు కుట్టేసింది.

కంచె బిగించే ముందు మడి లోపల అంగుళం అంగుళం చేత్తో తడిమి చూశాను. లోపల గూడు ఉంటే తల్లి బయటా పిల్లలు లోపలా ఉండిపోతాయి. ఇది మరిచిపోయి కంచె వేసిన ఇళ్ళు చూశాను. వారం తరవాత వాసన వచ్చాక పిలుస్తారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పక్కింటి పిల్లి తాడు దాటి వచ్చింది. కళ్ళు తెరిచి గూటి అంచున కూర్చోవడం నేర్చుకున్న పిల్లల్లో ఒకదాన్ని నోట కరుచుకుంది. పెద్దావిడ చీపురు తీసుకుని పరుగెత్తితే వదిలేసింది. ఒంటి మీద గాయం కనిపించలేదు, ఇక గూట్లో పెట్టేయవచ్చా అని అడిగారు. వద్దన్నాను. పిల్లి పంటి గాటు సూది మొనంత ఉంటుంది, బొచ్చులో కనిపించదు. దాని నోట్లోని పాశ్చరెల్లా బ్యాక్టీరియా మాత్రం ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. పిల్లి నోట పడిన పిల్లకు యాంటీబయాటిక్ పడాల్సిందే. మెత్తని గుడ్డ వేసిన చిన్న పెట్టెలో, చీకటిగా ఉంచి, లైసెన్సు ఉన్న సంరక్షకురాలి దగ్గరికి నేనే తీసుకువెళ్ళాను. రెండో రాత్రి అది చనిపోయింది. పాపకు ఆ సంగతి దాచవద్దని తల్లిదండ్రులకు చెప్పాను. మిగతా నాలుగూ బాగున్నాయా అని మాత్రం అడిగింది.

ఆ నాలుగూ పదమూడో రోజుకు గూడు ఖాళీ చేశాయి. రెండు రోజుల తరవాత ఇంటాయన మళ్ళీ కంగారుగా ఫోన్ చేశారు. గుప్పెడంత పిల్ల ఒకటి ఒంటరిగా పూలకుండీ పక్కన కూర్చుని ఉందట. చెవులు నిలబడి ఉన్నాయా, దగ్గరికి వెళితే పరుగెడుతోందా అని అడిగాను. రెండూ అవునన్నారు. అది పెద్దదైపోయింది, దాని బతుకు అది బతుకుతుంది. ఆ పరిమాణంలో దొరికిన పిల్లలను అనాథలనుకుని పట్టి తెచ్చేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. రేబిస్ భయం గురించి కూడా అడిగారు. కుందేళ్ళలో అది కనిపించడం చాలా అరుదు. చచ్చిన కుందేలును మాత్రం వట్టి చేతులతో ముట్టుకోకూడదు, తులరేమియా అనే జబ్బు సోకవచ్చు.

డెక్ కింద సందును జూన్‌లో మూశాం. మూసే ముందు ఆ సందు నోట్లో వార్తాపత్రిక ఉండలు చుట్టి వదులుగా కూరాం. లోపల ఏదైనా ఉంటే తోసుకుని బయటికి వస్తుంది. మూడు రోజులు ఆ ఉండలు కదలలేదని చూశాకే జాలీ కొట్టాం. కాటన్‌టెయిల్ ఈనిన వెంటనే మళ్ళీ చూలు కట్టగలదు, ఇరవై ఎనిమిది రోజులకు ఇంకో ఈత. సెప్టెంబరు దాకా అలా మూడు నాలుగు ఈతలు సాగుతాయి. కాబట్టి ఏ సందు మూసినా, ఏ గడ్డి కోసినా ముందు చూసుకోవాలి.

జులైలో నాకు తలవంపులు తెచ్చిన ఫోన్ వచ్చింది. కంచె లోపల చిక్కుడు తీగ మళ్ళీ తెగింది. వెళ్ళి చూస్తే తలుపు కింద మూడు అంగుళాల సందు ఉంది. కంచె అంతా అంత జాగ్రత్తగా వేసి, పెద్దావిడ రోజుకు నాలుగుసార్లు తెరిచే తలుపు కింద గడప పెట్టడం నేను చూసుకోలేదు. ఇటుకలు వరుసగా పాతి సరిచేశాను, డబ్బు తీసుకోలేదు. అదే రోజు గోంగూర చివర్లు నాలుగు అడుగుల ఎత్తున చిరిగి ఉన్నాయి. అవి మాత్రం జింకవే. ఇంటాయన మొదట చెప్పింది అప్పటికి నిజమైంది. దానికి ఎత్తైన వల కట్టాల్సి వచ్చింది. ఒక పెరట్లో ఒకే జంతువు తింటుందనుకుంటే పొరపాటు. ప్రతి కోతనూ వంగి చూడాల్సిందే.

నేను అడిగిన ఇంకొకటి ఇవ్వడానికి ఇంటాయన కాస్త తటపటాయించారు. పచ్చికలో మూడేసి ఆకుల క్లోవర్ కనిపిస్తే చాలు కలుపు మందు కొట్టించేవారు. కాటన్‌టెయిల్‌కు క్లోవర్ అంటే ప్రాణం. మడికి దూరంగా, వెనక కంచె పక్కన ఒక పట్టీని మందు కొట్టకుండా వదలమన్నాను. ఆగస్టులో ఒక సాయంత్రం డెక్ మీద కూర్చుని ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ చూశాను. రెండు కుందేళ్ళు ఆ పట్టీలో గంట సేపు మేశాయి, మడివైపు రాలేదు. పెద్దావిడ తన చిన్నప్పుడు కంది కోతలప్పుడు చేలో కుందేలు లేస్తే ఊరంతా కర్రలతో వెంటపడిన సంగతి చెప్పారు. “అప్పుడు మేమూ పరుగెత్తేవాళ్ళం” అని, కాసేపు ఆ రెండింటినీ చూస్తూ ఉండిపోయారు. సెప్టెంబరులో ఆవిడ గుంటూరు వెళ్ళేముందు నాకు ఒక సీసాడు గోంగూర పచ్చడి పంపారు.

జనవరిలో మంచు కురిశాక ఇంటాయన పిలిచారు. కొత్తగా నాటిన ఆపిల్ మొక్క మొదలుకు పావు అంగుళం కన్నున్న జాలీ గొట్టంలా చుట్టి ఉంది, అయినా దాని పైన బెరడు ఒక పక్కన చెక్కేసి ఉంది. అడుగుకు పైగా మంచు పేరుకుంటే కుందేలు ఆ మంచు మీద నిలబడి అందుకుంటుంది. పచ్చగడ్డి లేని నెలల్లో దానికి లేత బెరడే ఆధారం. చుట్టూతా చెక్కితే చెట్టు చనిపోయేది, ఒక పక్కే కాబట్టి బతికింది. గొట్టాన్ని ఇంకో అడుగున్నర పెంచాం. మడి కంచె చుట్టూ మంచులో అడుగుల జాడ స్పష్టంగా ఉంది. తలుపు దాకా వచ్చి, ఇటుకల దగ్గర ఆగి, వెనక కంచె వైపు తిరిగిపోయింది.

మార్చి నెలాఖరులో పాప ఫోన్ చేసింది. పచ్చికలో పోయినసారి చోటుకు దగ్గర్లోనే ఎండుగడ్డి మాసిక కనిపించిందట. ముట్టుకున్నావా అని అడిగాను. లేదంది. నాలుగు కర్రలు పాతేసిందట, ఊలుదారం కూడా పరిచేసిందట. నాన్నకు చెప్పావా అన్నాను. గడ్డి కోసేవాళ్ళకు ఫోన్ చేస్తున్నారంది.